తగలబడిపోను అన్న మాట

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా, మా తాతయ్యను ఊరందరి ముందూ ఒకావిడ నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లు తినడం ఒక ఎత్తు, ఆ తర్వాత ఆయన చేసిన పని ఇంకో ఎత్తు. ఆ పని మూలంగా మా ఇంట్లో చాలా రోజుల పాటు ఎవరూ ఆయనతో ముఖం చూసి మాట్లాడలేదు. నాయనమ్మ కంచం పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. బాబాయి ఆయన వీధి గుమ్మంలోంచి వస్తే పెరటి గుమ్మంలోంచి పోయేవాడు. ఆయన మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే లేచి, గేదెను పక్కకు కట్టి, పత్రిక చదువుకుని, పంచాయతీ ఆఫీసుకు వెళ్ళివచ్చేవాడు.

మాది అద్దంకికి దగ్గర్లో ఒక పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిరప, కొంచెం పొగాకు. తాతయ్య ఊరి ప్రెసిడెంటు. మనిషి పొడుగు, మాట నిదానం. ఊళ్ళో ఎవరింట్లో తగవు వచ్చినా ఆయన వెళ్ళి కూర్చుంటే సగం తగ్గిపోయేదని అనేవాళ్ళు. ఆయన మనవరాలినని బడిలో నాకు ముందు వరసలో చోటుండేది. దాన్ని నేను నా తెలివికి దక్కిన మర్యాద అనుకునేదాన్ని.

అంతకు ముందు ఏడాదే మా ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. పై వీధులకు కుళాయిలు వచ్చాయి. దిగువ కాలనీకి మాత్రం రాలేదు. పైపుల కోసం కాలవ తవ్వారు, ఆ మన్ను రెండు పక్కలా గుట్టలు పోశారు, అంతటితో పని ఆగిపోయింది. పైపులు ఇంకా రాలేదని కాంట్రాక్టరు, మంజూరు కాలేదని ఆఫీసరు, అడుగుతున్నానని తాతయ్య. ఈలోపు ఎండాకాలం వచ్చి పడింది. దిగువ కాలనీ ఆడవాళ్ళు పొద్దంతా మిరపకోతకు పోయి, సాయంత్రం ఆ మంటలు పుట్టే చేతులతోనే బిందెలు పట్టుకుని పొలాల్లోని బోర్ల దగ్గరికి నడిచేవాళ్ళు. మా ఇంట్లో కుళాయి కట్టేయడం మర్చిపోతే నీళ్ళు వీధిలోకి పారేవి.

ఆ కాలనీలో మేస్త్రమ్మ అని ఒకావిడ ఉండేది. కోతలకు కూలీల ముఠా కట్టి తీసుకెళ్ళేది కాబట్టి ఆ పేరు. అసలు పేరు పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. ఆవిడ గొంతు పెద్దది. చేలో ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర ఉన్నవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే బదులు పలికేవాళ్ళు. మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్ల మా బడిలోనే నాకంటే ఒక తరగతి ముందు చదివేది.

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. బడి వదిలే వేళకు పంచాయతీ ఆఫీసు ముందు బిందెల మోత వినిపించింది. ఆఫీసుకూ బడికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే. పిల్లలమంతా గోడ మీద వాలిపోయాం. కాలనీ ఆడవాళ్ళంతా వచ్చారు. ఖాళీ బిందెల మీద రాళ్ళతో కొడుతున్నారు. ఆఫీసు ముందు ఎండకు తాటాకు పందిరి వేయించారు, దాని కింద తాతయ్య కూర్చునే చేతుల కుర్చీ ఉంది. ఆయన లోపలికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుమాస్తా తలుపు గడియ పెట్టబోతే చేత్తో వద్దని వారించడం నాకు గోడ మీంచి కనిపించింది.

మేస్త్రమ్మ మెట్లెక్కి బిందె కింద పెట్టి మొదలుపెట్టింది.

"ఏమయ్యా ప్రెసిడెంటూ, ఓట్లకు వచ్చినప్పుడు మా గడపలో కూర్చుని మజ్జిగ తాగావే, ఆ మజ్జిగలో నీళ్ళు ఏడనుంచి తెచ్చామో అడిగావా? నీ గేదె మునిగే నీళ్ళు మా బిడ్డలు తాగడానికి లేవు. నీ నోరు పడిపోను. నీ కుళాయికి పురుగులు పట్టను. ఆ కాలవ తవ్వింది మాకు నీళ్ళియ్యడానికా, మమ్మల్ని పూడ్చడానికా? నీ పెద్దరికం మంటగలవ. నీ కుర్చీ, నీ ఆఫీసు తగలబడిపోను!"

ఇంకా చాలా అంది. కొన్ని ఇక్కడ రాయలేను. ఒక్కో తిట్టుకూ ఆడవాళ్ళు బిందెలు మోగించారు. నా పక్కన నిలబడ్డ పిల్లలు ఒకసారి ఆవిడ వంక, ఒకసారి నా వంక చూస్తున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. మేస్త్రమ్మ పెద్దకూతురు కూడా గోడ దగ్గరే ఉంది, అది నా వంక చూడనే లేదు, వాళ్ళమ్మనే చూస్తోంది. తాతయ్య బయటికి వచ్చి ఆవిణ్ణి ఒక్క కేక వేస్తే బాగుండునని ఎదురుచూశాను. ఆయన కిటికీ చువ్వలు పట్టుకుని వింటూ ఉన్నాడు. అంతే.

తిట్టి తిట్టి ఆవిడ అలిసిపోయి మెట్ల మీద కూర్చుంది. కొందరు ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోతున్నారు. అప్పుడు వెనకనుంచి ముగ్గురో నలుగురో కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళు అంతవరకూ అక్కడ లేరు. వస్తూనే పందిట్లోంచి తాటాకులు లాగి, కుర్చీ కింద కుక్కి అగ్గిపుల్ల గీశారు. ఎండకు ఎండిన ఆకు. చూస్తుండగానే మంట కుర్చీ దాటి పందిరికి పాకింది.

అందరికంటే ముందు లేచింది మేస్త్రమ్మే. "ఒరేయ్, ఏం పనిరా ఇది, లోపల మనుషులున్నార్రా" అని అరుస్తూ బిందె పట్టుకుంది. బిందెలో నీళ్ళుంటే కదా. ఒక్క క్షణం ఆ ఖాళీ బిందె వంక చూసి, పైపుల కాలవ దగ్గరికి పరిగెత్తి, గుట్టలోంచి బిందెతో మన్ను తోడి తెచ్చి మంట మీద పోసింది. "మన్ను పొయ్యండే, చూస్తారేం" అని మిగతావాళ్ళను కేకేసింది. ఆడవాళ్ళంతా వరస కట్టి బిందెలతో మన్ను మోశారు. పందిరి కూలిపోయింది, కుర్చీ బొగ్గయింది, ఆఫీసు తలుపు మీద ఒక నల్లమచ్చ పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. తాతయ్య బయటికి వచ్చి పంచె చెంగుతో ముఖం తుడుచుకుంటూ ఆ బొగ్గుల వంక చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. కుర్రాళ్ళు అప్పటికే పారిపోయారు. మేస్త్రమ్మ పారిపోలేదు. ఆవిణ్ణి జీపెక్కించారు. ఒంటినిండా మన్నుతో, కొంగు బిగించి, నేరుగా ముందుకు చూస్తూ కూర్చుని వెళ్ళింది.

ఆ సాయంత్రం మా అరుగు మీదా, అరుగు కిందా జనం. అందరూ మా వాళ్ళే, మా వీధుల వాళ్ళే. బాబాయి అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకప్పుడు పెళ్ళి కాలేదు, ఒంట్లో వేడి ఎక్కువ.

"ఇవాళ కుర్చీ కాల్చారు, రేపు ఇల్లు కాలుస్తారు. చేతులు ముడుచుకు కూర్చుంటే మనం మగాళ్ళమే కాదు. పొద్దున్నే కర్రలు తీసుకుని రండి. కాలనీలో మేస్త్రమ్మ పాక మొదట, ఆ పక్క పాకలు తర్వాత. నేను ముందు నడుస్తా" అన్నాడు.

జనంలో ఒక ఊపు వచ్చింది. నాకు కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు. మా తాతయ్యను అన్నందుకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తున్నారని లోపల సంతోషం కలిగింది. అప్పుడు తాతయ్య పడక్కుర్చీలోంచి లేచాడు. గొంతు పెంచలేదు.

"నువ్వు చెప్పినదంతా నేను విన్నాను. ఇక్కడున్న అందరూ విన్నారు. రేపు కాలనీలో ఒక్క పాక మీద ఒక్క కర్ర పడినా, స్టేషనుకు వెళ్ళి మొదట నీ పేరే చెబుతాను. నా కొడుకువని చూడను."

బాబాయి స్తంభం వదిలి ముందుకొచ్చాడు. "అది అన్ని మాటలన్నా పడతారు, నేనొక మాట అంటే తప్పొచ్చిందా నాన్నా?" అన్నాడు.

"ఆవిడ శాపాలు పెట్టింది. నువ్వు పని పురమాయిస్తున్నావు" అన్నాడు తాతయ్య. "శాపానికి చేతులుండవు. నీ మాటకు ఇదిగో ఇంతమంది చేతులున్నాయి. ఎప్పుడు రావాలో, ఏం తేవాలో, ఎవరి పాకో కూడా చెప్పావు. ఇక మిగిలిందేముంది?"

తర్వాత జనం వైపు తిరిగి, పొద్దున కళ్ళాల్లో పనుందని, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళమని చెప్పాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. బాబాయి అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు కాలనీకి ఎవరూ వెళ్ళలేదు. ఆ తర్వాత జీవితంలో నేను చాలా సభలు చూశాను గానీ, ఒక సభను అంత తక్కువ మాటలతో ముగించిన మనిషిని మళ్ళీ చూడలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎస్సై మా ఇంటికి వచ్చి, తను రాసుకొచ్చిన ఫిర్యాదు కాగితం తాతయ్యకు చదివి వినిపించాడు. మేస్త్రమ్మ గుంపును రెచ్చగొట్టి "ఆఫీసు తగలబెట్టండి, కుర్చీ తగలబెట్టండి" అని పురికొల్పిందనీ, ఆ మాట మీదే మంట పెట్టారనీ అందులో ఉంది. ముఖ్యమైన సాక్షి తాతయ్య. ఆయన ఒక్క మాట చెబితే కేసు నిలుస్తుంది. ఎస్సై చాలా మర్యాదగా మాట్లాడాడు. ఇలాంటివాళ్ళను ఒకసారి లోపల వేయిస్తే ఊళ్ళో మళ్ళీ ఎవరూ నోరెత్తరని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు.

నాయనమ్మకూ అదే కావాలి. ఆవిడ ఏడుపు తిట్ల గురించి. "అంతమందిలో మిమ్మల్ని నోరు పడిపోను అన్నది. నాకు ఆ మాట పోవడం లేదు. అది జైలుకు పోతే గానీ నా కడుపు చల్లబడదు" అంది. బాబాయి ఆవిడ పక్కన నిలబడ్డాడు. నేను కూడా ఆ పక్కనే నిలబడ్డాను. బడిలో నా వెనక ఎవరో ఒకరు "కుళాయికి పురుగులు పట్టను" అని గొణిగి నవ్వడం అప్పటికే మొదలైంది.

తాతయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. "అమ్మడూ, నువ్వు గోడ మీద ఉన్నావుగా. ఆవిడ ఏమన్నదో మొత్తం చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు" అన్నాడు.

నాయనమ్మ కస్సుమంది, చిన్నపిల్లతో ఆ పాడుమాటలు ఏమిటని. ఆయన వినలేదు. నేను తలొంచుకుని మొదటి తిట్టు చెప్పాను.

"ఇది ఎవరినైనా ఏమైనా చెయ్యమనడమా?" అని అడిగాడు.

కాదన్నాను. "తర్వాతది" అన్నాడు. రెండోది చెప్పాను. మళ్ళీ అదే ప్రశ్న. అలా నాచేత వరసగా చెప్పించాడు. మొదట్లో నాకు ఏడుపొచ్చింది. పోనుపోను అవి ఎక్కాల్లాగా అయిపోయాయి. పురుగులు పట్టే మాట దగ్గర ఆయనే నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది, నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి ఆ మాట దగ్గరికి వచ్చాం.

"నీ కుర్చీ, నీ ఆఫీసు తగలబడిపోను అంది" అన్నాను.

"తగలబెట్టండి అన్నదా?"

నాకు ఆ ప్రశ్న వెనక ఏముందో తెలుసు. నేను ఔనంటే నాయనమ్మ సంతోషిస్తుంది, బాబాయి సంతోషిస్తాడు. మేస్త్రమ్మ మీద నా కోపం తీరుతుంది. కానీ ఆ తిట్లన్నీ అప్పుడే నా నోటితో పలికి ఉన్నాను. నా నాలుక మీద ఆ మాట ఎలా ఉందో అలాగే ఉంది.

"లేదు తాతయ్యా. తగలబడిపోను అని అంది. మంట వచ్చాక మన్ను పొయ్యండి అని అరిచింది" అన్నాను.

ఆయన తల ఊపి, నాయనమ్మ వైపు తిరిగాడు. "నేను విన్నదీ అదే. నువ్వు కోపమొచ్చినప్పుడు ఆ గేదెను చచ్చిపోను అంటావు. అంటే నన్ను కత్తి తీసుకు రమ్మని కాదుగా." నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళింది. ఆయన వెళ్ళేది ఎటువైపో ఆవిడకు అప్పుడే అర్థమైంది. మౌనం ఆ రోజు నుంచే మొదలైంది.

కేసు అద్దంకి కోర్టులో మిరపనారు పోసే రోజులకు విచారణకు వచ్చింది. మేస్త్రమ్మ బెయిలు మీద బయట ఉంది. ఊరి పెద్దలు మధ్యలో రాజీ మాట తెచ్చారు. ప్రెసిడెంటు గారి కాళ్ళకు దండం పెట్టి తప్పయిందని చెబితే అందరం కలిసి మాట్లాడి కేసు సర్దేస్తామన్నారు. తిట్టినందుకైతే తిట్టానని ఒప్పుకుంటాను గానీ, చేయని పనికి కాళ్ళెందుకు పట్టుకుంటానని ఆవిడ అందట. ఆ మాట మా ఇంటికి వచ్చి మరో నిప్పు రాజేసింది. తాతయ్య మాత్రం "సరిగ్గానే అంది" అన్నాడు.

విచారణ రోజు ఆయన నన్ను కూడా బస్సెక్కించుకుని తీసుకెళ్ళాడు. ఎందుకని నాయనమ్మ అడిగితే, తిట్లు వినడానికి పనికొచ్చిన పిల్ల న్యాయం వినడానికి పనికిరాదా అన్నాడు. కోర్టు అంటే ఏదో పెద్ద భవనం అనుకున్నాను. పాత ఫ్యాను తిరిగే ఒక గది, చుట్టూ బెంచీలు. మేజిస్ట్రేటు గారు సన్నగా, అలిసిపోయినట్టున్న మనిషి. ప్రభుత్వ ప్లీడరు తాతయ్యను ఎంతో గౌరవంగా బోనులోకి పిలిచాడు.

"ఈవిడ మిమ్మల్ని నలుగురిలో దూషించిందా?"

"దూషించిందండి" అని తాతయ్య ఆ తిట్లన్నీ వరసగా చెప్పాడు. ఎవరో గుమాస్తాకు రాయిస్తున్నట్టు నిదానంగా, ఒక్క మాట మెత్తబరచకుండా చెప్పాడు. బెంచీల మీద కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. మేస్త్రమ్మ మొదటిసారి తల దించుకుంది.

"అంటే ఆఫీసు తగలబెట్టమని జనాన్ని రెచ్చగొట్టింది."

"లేదండి. తగలబడిపోను అంది. తగలబెట్టండి అనలేదు."

"రెండిటికీ తేడా ఏముందండీ? ఆవిడ అన్నది, అది తగలబడింది."

"తేడా ఉందండి. ఆవిడ అన్నప్పుడు అంతమంది ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. ఒక్కరూ అగ్గిపెట్టె తీయలేదు. ఆవిడ అలిసి కూర్చున్నాక కుర్రాళ్ళు వేరేచోటు నుంచి వచ్చి పెట్టారు. వాళ్ళను నేను కిటికీలోంచి చూశాను. ఎవరెవరో చెబుతాను. మంట మీద మొదట మన్ను పోసింది ఈవిడే."

ప్లీడరు ముఖం మారింది. ఎస్సై వెనక గోడకు ఆనుకుని తాతయ్యనే చూస్తున్నాడు. తాతయ్య ఆ కుర్రాళ్ళ పేర్లు చెప్పాడు. అందులో ఒకడు మేస్త్రమ్మ చెల్లెలి కొడుకు. ఆ పేరు వినగానే దించుకున్న తల ఎత్తి ఆవిడ తాతయ్యను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కృతజ్ఞత కాదు అది, కోపమూ కాదు.

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టారు. "మీ కుర్చీ కాలింది. ఇన్ని మాటలు పడ్డారు. మీకు ఈవిడ మీద కోపం లేదా?" అని అడిగారు.

"ఉందండి" అన్నాడు తాతయ్య. "ఆ తిట్లలో సగం నాకు తగలాల్సినవే, అందుకు ఇంకా ఎక్కువ కోపం. కానీ కోపం నాది. మాట ఆవిడది. నా కోపం కోసం ఆవిడ మాట మార్చి చెప్పలేను."

తీర్పు ఆ తర్వాత ఇంకో వాయిదాలో వచ్చింది. నేను దానికి వెళ్ళలేదు. తాతయ్య వచ్చి, పెరట్లో గేదెకు గడ్డి వేస్తూ, వంటింట్లోకి వినబడేలా చెప్పాడు. మేస్త్రమ్మ మీద కేసు కొట్టేశారు. కుర్చీ కాల్చిన కుర్రాళ్ళ మీద కేసు విడిగా నడుస్తుంది. మేజిస్ట్రేటు గారు అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పారట. నీళ్ళివ్వని ప్రెసిడెంటునూ, ఆఫీసరునూ, ప్రభుత్వాన్నీ నిలదీసి అడగడం ప్రజల హక్కు. ఆ అడగడంలో మాట గట్టిగా ఉండొచ్చు, వినేవాళ్ళకు చేదుగానూ ఉండొచ్చు. ఆ హక్కుకు హద్దు కూడా ఉంది. ఎదురుగా ఉన్న గుంపును ఫలానావాణ్ణి కొట్టండి, ఫలానాది కాల్చండి అని ఎగదోస్తే ఇక అది ఉత్తి మాట కాదు, నేరంలో పాలు పంచుకోవడమే. ఈ కేసులో అలా జరిగినట్టు రుజువు కాలేదు. అంతా చెప్పి, నోరు కాస్త అదుపులో పెట్టుకోమ్మా అన్నారట. "కుళాయి వస్తే పెట్టుకుంటానయ్యా" అందట మేస్త్రమ్మ.

తర్వాత నాయనమ్మ ఒక గ్లాసు మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చి, అక్కడే నిలబడింది. అన్ని నెలల తర్వాత ఆయన తాగేదాకా ఆవిడ పక్కన నిలబడడం అదే మొదలు.

మేస్త్రమ్మ మా ఇంటికి వచ్చి ధన్యవాదాలు చెబుతుందని నేను ఎదురుచూశాను. రాలేదు. వీధిలో ఎదురైతే పక్కకు తప్పుకునేది. చెల్లెలి కొడుకు పేరు చెప్పినందుకు వాళ్ళింట్లో గొడవ అయిందని విన్నాం. ఆ తర్వాత కొద్ది రోజులకే బిందెల మోత మళ్ళీ వినిపించింది. నేను గోడ దగ్గరికి పరిగెత్తాను. పందిరి లేదు, ఎండ. తాతయ్య ఈసారి కిటికీ దగ్గర నిలబడలేదు. గుమాస్తా కూర్చునే ముక్కాలిపీట తానే తెచ్చి మెట్ల కింద వేసుకుని, ఆడవాళ్ళకు ఎదురుగా కూర్చున్నాడు. మేస్త్రమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. తిట్లు తగ్గలేదు. ఒక్క తేడా కనిపించింది నాకు. వెనక కుర్రాళ్ళు గుంపుగా చేరితే ఆవిడ ప్రసంగం మధ్యలో ఆపి, "ఒరేయ్, మీరు ముందుకొచ్చి కింద కూర్చోండి, నిలబడొద్దు" అంది. వాళ్ళు కూర్చున్నాక మిగతాది అందుకుంది.

ఆ మర్నాటి నుంచే తాతయ్య ఆఫీసర్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఒంగోలు వెళ్ళాడు, మళ్ళీ వెళ్ళాడు. దిగువ కాలనీకి నీళ్ళు రావడానికి ఇంకో ఎండాకాలం గడిచింది. కుళాయి తిప్పిన రోజు ఆయన్ని పిలిచారు గానీ దండలు వద్దన్నాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. కాలనీ ఓట్లు ఆయనకు పడలేదు, మా వీధుల ఓట్లు కూడా సరిగ్గా పడలేదు. కోర్టులో సొంతవాళ్ళకు అడ్డం తిరిగాడని మా వాళ్ళకు మనసులో ఉండిపోయింది. ఓడిన మర్నాడు కూడా ఆయన పొద్దున్నే లేచి పత్రిక చదువుకున్నాడు. నేను పక్కన కూర్చుని, కోర్టులో ఆ ఒక్క మాట చెప్పకుండా ఉంటే గెలిచేవాడివి కదా తాతయ్యా అన్నాను. "గెలిచేవాణ్ణేమో" అన్నాడు. విచారమేమీ లేనట్టు నటించలేదు. కాసేపు పత్రిక పేజీ తిప్పకుండా అలాగే పట్టుకుని ఉన్నాడు.

నేను చదువుకుని గుంటూరులో లెక్చరరునయ్యాను, చివరి సంవత్సరాల్లో ఒక కాలేజీకి ప్రిన్సిపాలుగా చేశాను. ఒకసారి హాస్టలు తిండి విషయంలో పిల్లలు ధర్నా చేశారు. గేటు ముందు నా బొమ్మ చేసి కాల్చారు. నా నడక గురించి, నా గొంతు గురించి, చనిపోయిన మా వారి గురించి కూడా నినాదాలు కట్టారు. గదిలో కూర్చుని అన్నీ విన్నాను. పోలీసులు వచ్చి, మేడమ్, ఒక్క ఫిర్యాదు ఇవ్వండి, అందరినీ తీసుకుపోతాం అన్నారు. ఒక్కో నినాదాన్నీ నాలో నేనే పలుక్కుని చూసుకున్నాను. దేంట్లోనూ ఎవరినీ ఏమీ చెయ్యమని లేదు. ఫిర్యాదు ఇవ్వలేదు. మెస్సు కాంట్రాక్టరును మార్పించాను.

మరుసటి రోజు అదే గుంపులో ఒక అబ్బాయి మైకు పట్టుకుని, మా వాచ్‌మన్ వైపు వేలు చూపించి, వీడే మన మాటలు మోసేది, పట్టుకుని కాళ్ళు విరగ్గొట్టండి అన్నాడు. వాచ్‌మన్ మీద దెబ్బ పడేలోపే వెళ్ళి అడ్డం నిలబడ్డాను. ఆ అబ్బాయి మీద మాత్రం ఫిర్యాదు ఇచ్చాను. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా క్లాసులో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లవాడు, వాళ్ళమ్మ వచ్చి నా ముందు ఏడ్చింది. అయినా వెనక్కి తీసుకోలేదు. తోటి లెక్చరర్లకు ఇది విడ్డూరంగా తోచింది. మిమ్మల్ని అంతలేసి మాటలన్నవాళ్ళను వదిలేసి, మిమ్మల్నేమీ అననివాడి మీద పెట్టారేమిటని అడిగారు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. ఫోను తెరిస్తే ఎవరో ఒకరు ఎవరినో తిడుతూనే ఉంటారు, ఆ తిట్టినవాణ్ణి లోపల వెయ్యాలని ఇంకెవరో అడుగుతూ ఉంటారు. నాకు నచ్చిన మనుషుల్ని తిట్టినప్పుడు నాకూ మండుతుంది, ఈ వయసులో కూడా ఏమీ తగ్గలేదు. అలా మండినప్పుడు కాసేపు ఆగుతాను. నాకు తగిలిన దెబ్బ ఎంతో కాదు, ఆ మాట ఎవరి చేతికి ఏ పని అప్పగించిందో చూస్తాను. ఏమీ అప్పగించకపోతే, నొప్పిని నా దగ్గరే ఉంచుకుని నా పని చూసుకుంటాను. అది తేలికగా వచ్చే పని కాదు. మా తాతయ్యకు కూడా తేలికగా వచ్చి ఉండదని ఆయన వయసుకు వచ్చాక తెలిసింది.